కాటావారి కన్నీటి కాలువ

చివరిపాలెంలో తెలివైనవాళ్ళు ఎవరని ఊళ్ళో అడిగితే ఎవరూ చెప్పలేరు. కాటావారి గుమ్మంలో అడిగితే మాత్రం వెంటనే చెప్తారు. "ఇంకెవరండీ, మేమే. కావలిస్తే తూచుకోండి" అంటారు.

కాటావారంటే ధాన్యం తూచేవాళ్ళు. ముగ్గురన్నదమ్ములు. పెద్దవాడు సోమలింగం, నడిమివాడు భద్రాచలం, చిన్నవాడు గవర్రాజు. ముగ్గురి మీదా తల్లి నూకాలమ్మ. వాళ్ళ నాన్న పోతూ పోతూ, "ఒరేయ్, మాట తూచి మాట్లాడండి" అని చెప్పి కన్నుమూశాడు. అంతే. ఆనాటి నుంచి ఆ ఇంట్లో తూచకుండా మాట వినరు, తూచకుండా మాట అనరు.

సోమలింగం పెళ్ళికి సంబంధం తెచ్చిన పెద్దమనిషి, "పిల్ల వాళ్ళ ఊరు పిలిస్తే పలికేంత దూరం" అన్నాడు. ఇంకేముంది, అన్నదమ్ములు ముగ్గురూ ఇంటి కప్పెక్కి పొద్దున్నించి సాయంత్రం దాకా "ఓ మంగాయమ్మా!" అని పిలిచారు. ఎవరూ పలకలేదు. సంబంధం అబద్ధమని తేల్చి దిగబోతుంటే, ఆ దారిన పోతున్న పిల్ల అన్నగారు "మా చెల్లెల్ని అల్లరి చేస్తున్నదెవడ్రా?" అని కర్రతో వచ్చాడు. "పలికారమ్మా!" అని సోమలింగం గంతేశాడు. పెళ్ళయిపోయింది. మంగాయమ్మ కూడా కాపురానికొచ్చిన ఆర్నెల్లకి వాళ్ళలాగే తయారైంది. తెలివి అంటువ్యాధి కదా.

ఇలాంటి ఇంటి మీద ఆ ఏడు ఊరంతా ఆశ పెట్టుకోవాల్సి వచ్చింది. ఎందుకంటే, నీళ్ళు లేవు.

లేవంటే కాలువలో లేవని కాదు. కాలువ నిండా ఉన్నాయి. గట్టు మీద "నీరు ప్రజల సొత్తు" అని నీలం రంగు బోర్డు కూడా ఉంది. బోర్డు ప్రజల సొత్తు, నీళ్ళు మాత్రం బంగారయ్య గారు అందులో పెంచే చేపల సొత్తు. ఆయన కాలువ సంఘానికి అధ్యక్షుడు. చివరిపాలెం తూము చక్రానికి గొలుసు, గొలుసుకి తాళం, తాళంచెవి ఆయన మొలతాడుకి. దున్నేవాడిదే భూమి అని ఎవరో గొంతు చించుకుని చెప్పారు గానీ, మొలతాడు ఎవరిదో చెప్పడం మర్చిపోయారు.

సోమలింగానికి ఎకరన్నర కౌలు చేను. నారు పోసి పదిహేను రోజులైంది. రోజూ పొద్దున్నే వెళ్ళి గట్టు మీద గొంతుక్కూర్చుని నారు కొసలు వేళ్ళతో తడిమి చూసేవాడు. మొదట కొసలు పసుపుబారాయి. తర్వాత ఎండుగడ్డిలా గరగరమన్నాయి. మూడు రోజుల్లో తడి తగలకపోతే నారు చచ్చిపోతుంది. మళ్ళీ చల్లడానికి ఇంట్లో గింజ లేదు. తూచనక్కర్లేకుండా సోమలింగానికి తెలిసిన నిజం అదొక్కటే.

ఊరంతా కలిసి మళ్ళీ బంగారయ్య దగ్గరికి వెళ్ళారు. ఆయన మీసం దువ్వుకుని, "తాళం తీస్తానయ్యా. కానీ నన్నెవరూ గుర్తించడం లేదు. సన్మానం చెయ్యండి" అన్నాడు.

"చేస్తామండి, చేస్తాం."

"ఊరికే పొగిడితే జనం నమ్మరు. మీ ఊళ్ళో అబద్ధం ఆడనివాళ్ళెవరైనా ఉన్నారా?"

"కాటావారున్నారండి" అన్నారు జనం, ఏడవలేక.

"అయితే వాళ్ళ నోటితో పొగిడించండి. ఎల్లుండి, తూము దగ్గరే."

పద్యం రాసే పని బడిలో తెలుగు చెప్పే కామేశం మాస్టారికి అప్పగించారు. పదవిలో ఎవరుంటే వాళ్ళ మీద పద్యం రాసి పెట్టుకునే మనిషి ఆయన. పేరు మారిస్తే సరిపోయేలా ఖాళీ వదిలి రాస్తాడు. ఖాళీలో బంగారయ్య పేరు నింపి కాగితం సోమలింగం చేతికిచ్చాడు.

"ఏముందండీ ఇందులో?" అన్నాడు సోమలింగం.

"బంగారయ్య మేరుపర్వతం. ఆయన మాట తేనె. ఆయన మనసు వెన్న. రైతు కష్టం చూస్తే ఆయన కన్నీరు కాలువలై పారుతుంది. అంతే."

"నిజమేనాండీ?"

"నిజమేమిట్రా, కవిత్వం!" అన్నాడు మాస్టారు. "చూడు. 'ఆయన మాట తేనెలా ఉంటుంది' అన్నామనుకో, పోలిక చెప్పాం. దాన్ని ఉపమ అంటారు. ఆ 'లా' తీసేసి 'ఆయన మాట తేనె' అన్నామనుకో, అది రూపకం."

భద్రాచలం అడ్డుపడ్డాడు. "తీసేస్తే ఎలాగండీ? బస్తాలోంచి గుప్పెడు తీస్తేనే తరుగు తీశావని గొడవ పెట్టుకుంటారు జనం."

"నోర్ముయ్యి. ఇక కాలువలై పారడం ఉందే, అది అతిశయోక్తి. ఉన్నదానికంటే ఎక్కువ చేసి చెప్పడం."

ముగ్గురన్నదమ్ములూ చెవులు మూసుకున్నారు. "దాన్ని మా వీధిలో దొంగతూకం అంటారండి" అన్నాడు గవర్రాజు.

మాస్టారికి మండింది. "ఓహో! మరి మీరు బస్తాలు లెక్కపెట్టేటప్పుడు ఏమంటారు? ఒకటి అంటారా?"

"ఛఛ. శుభమా అని మొదలెడుతూ ఒకటంటామా? లాభం అంటాం. లాభం, రెండు, మూడు."

"ఒకటిని పట్టుకుని లాభం అంటున్నారే, అది అలంకారం కాదురా?"

సోమలింగం జాలిగా చూశాడు. "అలంకారమెందుకవుతుందండీ. ఒకటి పేరే లాభం."

మాస్టారు కండువాతో మొహం తుడుచుకున్నాడు. "నీకు దణ్ణం పెడతాను. తూచుకో, కొలుచుకో, కొరికి చూసుకో. ఎల్లుండి మాత్రం చదువు" అన్నాడు.

అంతే. తూచుకోమన్న మాట పట్టుకుని అన్నదమ్ములు ఇంటికొచ్చేశారు. నూకాలమ్మ కాగితం అటూ ఇటూ తిప్పి, "నాలుగు మాటలున్నాయిరా. నాలుగూ తూచండి" అంది. ఆవిడకి చదువు రాదు గానీ తూకం వచ్చు.

మొదటి మాట, మేరుపర్వతం. కాటాని బండి మీద వేసుకుని బంగారయ్య ఇంటికి తోలుకుపోయారు. "ఒకసారి ఇలా ఎక్కండి బాబూ" అన్నారు. బంగారయ్య మొహం విప్పారింది. తులాభారం అనుకున్నాడాయన. తడిబట్ట కట్టుకుని వచ్చి, కళ్ళు మూసుకుని, చేతులు జోడించి ఎక్కి కూర్చున్నాడు.

"తొంభై రెండు కిలోలు" అన్నాడు భద్రాచలం.

"బెల్లమేదిరా?" అన్నాడు బంగారయ్య కళ్ళు తెరిచి.

తూకానికి బెల్లమెందుకో అన్నదమ్ములకి అర్థం కాలేదు. అయినా పెద్దాయన అడిగాడని గవర్రాజు మజ్జిగన్నంలోకి తెచ్చుకున్న బెల్లం గడ్డ చేతిలో పెట్టాడు. ఆయన అక్కడికక్కడే తినేశాడు.

"తొంభై రెండు కిలోల పర్వతం ఉంటుందా అమ్మా?" అనడిగాడు సోమలింగం ఇంటికొచ్చి.

"పర్వతానికి బరువు కాదురా చూడాల్సింది. కదలకూడదు" అంది నూకాలమ్మ. "పది రోజులుగా ఊరు ఊరంతా వెళ్ళి మొత్తుకుంటోందే, ఆయన కదిలాడా?"

"కదల్లేదు."

"మరింకేం!"

సోమలింగం కాగితం మీద మొదటి మాట పక్కన సున్నంబొట్టు పెట్టాడు.

రెండో మాట, తేనె. తేనెకి చీమలు పట్టాలి. ఇది గవర్రాజు ఊహ. ఆ ఊహ వచ్చినందుకు ఇంట్లో వాడికి అప్పచ్చి పెట్టారు. మధ్యాహ్నం కొబ్బరిచిప్ప నిండా గండుచీమలు పట్టుకుని వెళ్ళేసరికి, బంగారయ్య బెల్లం మూతితో వసారాలో పడుకుని నిద్రలో ఏదో గొణుగుతున్నాడు.

"మాట్లాడుతున్నాడన్నయ్యా. ఇప్పుడే పొయ్యాలి" అన్నాడు గవర్రాజు.

చిప్ప మూతి దగ్గర పెట్టాడో లేదో, చీమలు బారులు తీరి మీసాల్లోకి వెళ్ళిపోయాయి. అన్నదమ్ములు కళ్ళనీళ్ళు పెట్టుకుని దణ్ణం పెట్టి, కాళ్ళ చప్పుడు కాకుండా వచ్చేశారు. ఆయన లేచేసరికి పెదవి వంకాయంతైంది.

"తేనేనమ్మా! అసలు తేనె!" అని సోమలింగం రెండో బొట్టు పెట్టాడు.

ఇంకేముంది, ఇంట్లో నమ్మకం పొంగిపోయింది. వెన్న సంగతి ఎండలో తేలుతుంది, సన్మానం నాడు పందిరి వెయ్యకపోతే సరి అనుకున్నారు. మిగిలింది కన్నీరు. సోమలింగం కాగితం ముందు పెట్టుకుని చాలాసేపు ఆలోచించాడు. ఆలోచిస్తుంటే కళ్ళ ముందు నారుమడే కనిపించింది. ఒక్కసారి తొడ చరుచుకుని లేచాడు.

"ఒరేయ్ తమ్ముళ్ళూ! ఆయన కన్నీరే కాలువలై పారుతుంటే మనకి తూమెందుకురా?"

"తాళం తీస్తానన్నాడు కదండీ?" అంది మంగాయమ్మ.

"తీస్తానని నోటితో అన్నాడే. కన్నీరు పారుతుందని రాసి ఉంది. నోటిమాట గట్టిదా, రాత గట్టిదా?"

మంగాయమ్మ ఒప్పుకుంది. ఊళ్ళో అందరి పొలాలూ చేతులు మారింది కాగితం మీది రాతతోనే కదా.

"అయితే బోదె తవ్వాలి అన్నయ్యా. దారి లేకపోతే కన్నీళ్ళు నేలపాలైపోతాయి" అన్నాడు భద్రాచలం.

మర్నాడు ముగ్గురూ పారలు పట్టారు. బోదె అంటే పొలానికి నీరు తెచ్చే పిల్లకాలువ. పొలాల్లో పాత బోదె ఉండనే ఉంది. దాన్ని గట్టు మీద అధ్యక్షుల వారు కూర్చోబోయే కుర్చీ దాకా పొడిగించాలి. కుర్చీ వేసే చోటు గట్టుకి కాలువ వైపు అంచున, వెనక నిండుకాలువ. అన్నదమ్ములు గట్టుని అడ్డంగా నిలువెత్తు లోతున కోసుకుంటూ వచ్చారు. కుర్చీ ముందు దాకా వచ్చాక ఆగారు. కాలువకీ బోదెకీ మధ్య మూరెడు మందం మట్టి మిగిలింది. దాని మీదే కుర్చీ.

"ఇంకాస్త తవ్వుదామా?" అన్నాడు గవర్రాజు.

"వద్దురా. కుర్చీ పడిపోతే ఆయన కోప్పడతాడు. తెలివుండక్కర్లా?" అన్నాడు సోమలింగం.

బోదె ఎందుకు తవ్వారో ఊళ్ళో ఎవరూ అడగలేదు. అడిగితే చెప్తారేమోనని భయం. సన్మానం నాడు బాగుండదని ఊరివాళ్ళే దాని పైన తాటాకు చాప పరిచి, చాప మీద పూలు చల్లారు.

సన్మానం రోజు ఎండ పెనం మీద అట్టులా మాడ్చేసింది. బంగారయ్య పట్టుపంచె, జరీ కండువా, వంకాయ పెదవితో కుర్చీలో కూర్చున్నాడు. జనం చేలో నిలబడ్డారు. పావుగంటకి ఆయన నుదుటి నుంచి, మెడ నుంచి, గెడ్డం నుంచి ధారలు కట్టాయి.

"కరుగుతున్నాడు పెద్దన్నయ్యా!" అని గవర్రాజు గుసగుసలాడాడు. సోమలింగం మూడో బొట్టు పెట్టి, గొంతు సవరించుకుని పద్యం చదివాడు. తూచిన పద్యం కాబట్టి ఖంగుమని చదివాడు. జనం చప్పట్లు కొట్టారు. మాస్టారు తన పద్యానికి తానే తలూపుకున్నాడు.

"బాబూ, ఇక తాళం..." అన్నారెవరో.

బంగారయ్య ఆవలించాడు. "బద్యం బాగుంది. బచ్చేవారం బూద్దాం. బేపలకి బీళ్ళు దగ్గాయి" అన్నాడు వాచిన పెదవితో. చేపలకి నీళ్ళు తగ్గాయట. జనం ఉసూరుమన్నారు.

సోమలింగం మాత్రం నిరాశపడలేదు. రైతు కష్టం చూస్తే అని కదా రాసింది. నారుమడిలోకి దిగి గుప్పెడు నారు పీకి, గట్టెక్కి, రెండు చేతుల్లో ఆయన ముందు పెట్టాడు. నారు అరచేతుల్లోనే పొడిపొడిగా విరిగింది. "చూడండి బాబూ. ఇదీ మా కష్టం" అన్నాడు.

బంగారయ్య చూశాడు. ఆ నారులోంచి ఒక పరక తీసుకుని పళ్ళు కుట్టుకున్నాడు.

అన్నదమ్ములు ఆయన కళ్ళల్లోకి తొంగి చూశారు. కుడికన్ను పొడి. ఎడమకన్ను పొడి.

"మంగా!" అన్నాడు సోమలింగం. "కష్టానికి రావడం లేదే. ఘాటుకి రావాలి."

మంగాయమ్మ సిద్ధంగానే ఉంది. కుంపట్లో శేరు ఎండుమిరపకాయలు పోసి, విసనకర్రతో రెండు విసుర్లు విసిరి, కుర్చీ కిందికి తోసింది. ఇంకేముంది! బంగారయ్య "హాఛ్!" అన్నాడు. "హాఛ్ హాఛ్!" అన్నాడు. ముక్కు ఎర్రబడింది. కళ్ళు ఎర్రబడ్డాయి. భద్రాచలం కొలిచే గిద్ద పట్టుకుని గెడ్డం కింద పెట్టాడు. ఒక చుక్క రాలింది.

"లాభం!" అని అరిచాడు భద్రాచలం.

ఇంకో చుక్క. "రెండు!"

"బంపేత్తన్నారు బాబోయ్!" అని బంగారయ్య కుర్చీతో సహా ఎగిరి కూలబడ్డాడు. తొంభై రెండు కిలోలు మూరెడు మట్టి మీద పడ్డాయి. అంతే. గట్టు గడగడమంది, కుర్చీ కింద నేల జారింది, వెనక కాలువ మొత్తం లేచి ముందుకొచ్చింది. తాటాకు చాపా, పూలూ, కుంపటీ, మధ్యలో కుర్చీలో అధ్యక్షుల వారూ బోదె వెంట ఊరేగుతూ పోయారు.

"పారుతోందిరా!" అని సోమలింగం రెండు చేతులూ పైకెత్తి గంతులేశాడు. "రెండు చుక్కలకే ఇంత పారిందంటే, పాపం, లోపలెంత దాచుకున్నాడో!"

చేలో జనం కేకలు పెట్టారు. నీళ్ళు ఒక్కో మడీ ఎక్కాయి. బీటలు నోళ్ళు తెరిచి గటగటా తాగాయి. సోమలింగం నారుమడిలో మోకాళ్ళ మీద పడి, తడిసిన నారు కొసల్ని మొహానికి రాసుకున్నాడు. పక్కనే బురదలో కుర్చీ, కుర్చీలో బంగారయ్య, ఒళ్ళో రెండు చేపలు.

అయితే నీళ్ళు ఆగలేదు. చీలమండ దాటాయి, పిక్క దాటాయి. నారు కొసలు మునుగుతున్నాయి. "గండి! గండి పూడ్చండి!" అని జనం బస్తాలతో గట్టు మీదికి పరిగెత్తారు.

కాటావారు అటు పోలేదు. అసలు కారణం తెలిసినవాళ్ళు కదా.

"ఒరేయ్, ఈయన ఇంకా ఏడుస్తున్నాడ్రా!" అన్నాడు సోమలింగం. నిజమే. "బా బేపలు, బా బేపలు" అని బంగారయ్య భోరుమంటున్నాడు. "నవ్వించండి! నవ్వితే గానీ కాలువ ఆగదు!"

భద్రాచలం కాళ్ళు పట్టుకున్నాడు, గవర్రాజు చేతులు పట్టుకున్నాడు, సోమలింగం చంకల్లో చక్కిలిగింతలు పెట్టాడు. బంగారయ్య మొదట తిట్టాడు, తర్వాత కిచకిచమన్నాడు, ఆఖరికి బురదలో దొర్లి దొర్లి పకపకా నవ్వాడు. అదే వేళకి గట్టు మీద నలభై మంది కలిసి గండి పూడ్చేశారు. నీళ్ళు ఆగాయి.

"చూశారా?" అన్నాడు సోమలింగం చెమట తుడుచుకుంటూ. "ఆ నలభై మందీ అనవసరంగా అలిసిపోయారు." కాగితం తీసి, తడిసిన సున్నంతోనే నాలుగో బొట్టు పెట్టాడు.

ఇంటికి బయల్దేరబోతూ, నూకాలమ్మ మడిలోంచి దోసెడు నీళ్ళు తీసి నోట్లో పోసుకుంది. చప్పరించింది. మొహం చిట్లించింది.

"ఉప్పు లేదురా" అంది.

ఇల్లు ఇల్లంతా రుచి చూసింది. నిజమే, లేదు. కన్నీటికి ఉప్పుండాలి. తూకంలో తరుగు వస్తే కాటావారు ఊరుకోరు.

"మోసం చేశాడంటావా అమ్మా?"

"మోసం కాదురా. ఆ పదవిలో కూర్చున్నవాళ్ళ కన్నీళ్ళల్లో ఉప్పుండదు. ఒంట్లో ఉంటే కదా కంట్లోకి రావడానికి. పాపం, ఆ ఇంట్లో ఎవరూ పెడుతున్నట్టు లేదు."

ఆ రాత్రి ఎవరికీ అన్నం సయించలేదు. తెల్లారగానే నెత్తిన ఉప్పుబస్తాతో సోమలింగం, మిరపకాయల గంపతో భద్రాచలం, చేతితక్కెడతో గవర్రాజు బంగారయ్య ఇంటి ముందు నిలబడ్డారు. వెనక ఊరంతా చేరింది. మేడ మీద కిటికీ సందులోంచి బంగారయ్య తొంగి చూశాడు. మిరపకాయలు చూడగానే ఆయనకి రెండు తుమ్ములొచ్చాయి.

సోమలింగం బస్తా దించి, వినయంగా, వీధి వీధంతా వినపడేలా అన్నాడు. "అయ్యా! తమరి మేలు కోరి చెప్తున్నాం. ఇకనుంచైనా ఉప్పూ కారం తినండి!"

ఆ మాట మూడు తరాలుగా ఊరందరి గొంతులోనూ అడ్డం పడి ఉన్నదే. ఉప్పూ కారం తినేవాడికే సిగ్గూ శరం ఉంటాయని బంగారయ్య మొహాన అనడానికి ఇంతకాలం ఎవరికీ నోరు రాలేదు. మొదట ఒక ముసలమ్మ కిసుక్కుమంది. తర్వాత వీధంతా గొల్లుమంది. మీటింగులు పెట్టి, జెండాలు పట్టి, నినాదాలు రాసి సాధించలేనిది ఒక ఉప్పుబస్తా సాధించింది. మేడ మీద మొహం ముందు ఎర్రబడింది, తర్వాత పాలిపోయింది, తర్వాత మాయమైంది. మొలతాడు తెగిన చప్పుడైంది. కిటికీలోంచి తాళంచెవి వచ్చి సోమలింగం కాళ్ళ దగ్గర ఠంగుమని పడింది.

"తీసుకోరా సోమలింగం! తీసుకో!" అని ఊరంతా అరిచింది.

సోమలింగం వంగి తీసుకున్నాడు. గవర్రాజు తక్కెట్లో వేసి తూచాడు.

"నూటపది గ్రాములు పెద్దన్నయ్యా. ఇనుము."

"ఇనుము మనకెందుకురా?"

"అది తూము తాళంచెవిరా, దద్దమ్మా!" అని కామేశం మాస్టారు వెనక నుంచి మొత్తుకున్నాడు.

"తెలుసండి" అన్నాడు సోమలింగం, చదువుకున్నవాళ్ళ అమాయకత్వానికి నవ్వుకుంటూ. "కన్నీటి కాలువ ఉండగా తూమెందుకండీ? పరాయి సొత్తు గింజయినా మేం ముట్టుకోం."

జనం పట్టుకునేలోపే చెయ్యి వెనక్కి లాగి, గురి చూసి, తాళంచెవి కిటికీలోకి విసిరేశాడు. తూచి విసిరాడేమో, సరిగ్గా వెళ్ళి నుదుటికే తగిలింది. లోపల్నుంచి "అమ్మో! చచ్చానురా దేవుడో!" అని బంగారయ్య బావురుమన్నాడు.

సోమలింగం మొహం వెలిగిపోయింది.

"ఒరేయ్ తమ్ముళ్ళూ, ఏడుస్తున్నాడ్రా! పరిగెత్తండి, బోదె తియ్యండి!"